ఊడ్చని గది

"మావయ్యా, పోలీసులు అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, నిజంగా నేనే నొక్కానేమోనని నాకే అనుమానం వస్తోంది."

ఆ మాట వినగానే మావయ్యకు అరికాళ్ళలో చెమట పట్టింది. డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నప్పటి నుంచీ "నేను కాదు బాబోయ్" అనేవాళ్ళను కుప్పలుగా చూశాడు. వాళ్ళతో ఆయనకెప్పుడూ బెంగ లేదు. తప్పు చేయనివాళ్ళు "నేనేనేమో" అనడం మొదలుపెడితేనే ఆయనకు నిద్ర పట్టదు. పైగా ఈసారి ఆ మాట అన్నది సొంత అక్క కూతురు. ఐసీయూలో నర్సు. ఆస్పత్రిలోనే కూర్చోబెట్టారు, ఒంటి మీద యూనిఫాం ఇంకా మారలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతులు తనవి కానట్టు చూస్తోంది.

భయం వేస్తే వేళాకోళం ఆడటం మావయ్యకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

"నువ్వు నొక్కితే ఏదైనా పనిచేసిందా ఎప్పుడైనా? మా ఇంట్లో కాలింగ్ బెల్లు నువ్వు నొక్కాకే కదే పాడైంది."

అమ్మాయి నవ్వలేదు. మావయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, నాకు చెప్పు. వాళ్ళకి చెప్పినట్టు కాదు. చిన్నప్పుడు నా చొక్కా జేబులో కప్పని పెట్టింది ఎవరో చెప్పావు చూడు, అలా చెప్పు."

ఆమె చెప్పింది. ఐదో బెడ్డు మీద గడియారాలు బాగుచేసే తాత. గుండె మందు పంపు మీద సన్నగా వెళ్తోంది. ఇవాళే మామూలు వార్డులోకి మార్చాలి. తెల్లారుతుండగా, డ్యూటీ మారకముందు, ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయాడు. రక్తం పరీక్ష చేస్తే వెళ్ళాల్సిన దానికి నాలుగు రెట్లు మందు వెళ్ళిందని తేలింది.

"పంపు ఎంత మీద ఉంది అప్పుడు?"

"ఎంత ఉండాలో అంతే ఉంది మావయ్యా. అదే కదా నాకు అర్థం కానిది. పంపు మీద బటన్లు లాక్ చేసి ఉంటాయి. డోసు మార్చాలంటే కంప్యూటర్ టెర్మినల్లోంచి మార్చాల్సిందే. నేను డ్యూటీకి రాగానే ఒక్కసారి సెట్ చేశాను. మళ్ళీ ముట్టుకోలేదు."

"తాతకీ ఎవరికైనా గొడవుందా?"

"ఆయనకా? అందరితో జోకులే. నిన్న సాయంత్రం మాత్రం చేతి గడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టి, 'అమ్మాయ్, నీ పంపు పరిగెడుతోందే' అన్నాడు. నేనూ చూశాను, నిజమే. పంపుల మెకానిక్ వస్తే చెప్పాను. కొత్త పార్టు వేశానన్నావు కదా, ఇదేంటని అడిగాను. ఆయన నవ్వి పంపు మార్చేశాడు."

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"పొద్దున ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పబోయాను. అడిగిందానికే జవాబు చెప్పమన్నారు."

మావయ్య ఇంకో ప్రశ్న వేయబోయాడు. అమ్మాయి కళ్ళు తేలేసి పక్కకు ఒరిగింది. గుండె గుర్రంలా కొట్టుకుంటోందని పెద్ద సిస్టర్ నాడి పట్టుకుని అరిచింది. డాక్టరు వచ్చాడు. దడ తగ్గడానికి మందు కలిపి, వార్డు పక్కనున్న చిన్న గదిలో పడుకోబెట్టి, మూడో నంబరు పంపు తగిలించారు. గుమ్మం దగ్గర ఆడ కానిస్టేబుల్ నిలబడింది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురుపడ్డాడు. స్కూల్లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. వాడు పాసయ్యాడు, మావయ్య బెంచీతోనే ఉండిపోయాడు. కనపడిన ప్రతి గదికీ సీలు వేస్తాడని, నోరు కూడా బిగించే ఉంటాడని మావయ్య వాడికి తాళంకప్ప అని పేరు పెట్టాడు. ఆ పేరు డిపార్టుమెంటులో వాడి అసలు పేరు కన్నా బాగా నడుస్తోంది.

"మీ మేనకోడలు లేవగానే తీసుకెళ్తాను. మధ్యాహ్నం లారీ వస్తుంది. పంపుల్ని నడిపే సర్వర్ కూడా తీసుకెళ్తాను."

"దాన్నెందుకు? అది కూడా డోసు మార్చిందా?"

తాళంకప్ప మడత కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. "ఐదో పంపుకి కమాండ్ వెళ్ళింది ఒకే ఒక్క టెర్మినల్ నుంచి. నర్సు టెర్మినల్. నేను చెప్పడం కాదు, మిషన్ చెబుతోంది. చదువు, వస్తే."

"చదువు రాకపోతే ఏం? నీ మొహం చదువుతూనే ఉన్నాగా ఇన్నేళ్ళుగా" అని మావయ్య ఆ కాగితంతో సర్వర్ గదిలోకి నడిచాడు.

సర్వర్ గదిలో చలి. నిలువెత్తు నల్ల బీరువాలో దీపాలు మినుకుమంటున్నాయి. దాని ముందు ప్రోగ్రామరు అమ్మాయి మెడలోని గుర్తింపు కార్డు తాడు కొరుకుతూ కూర్చుంది. ఆ కాగితంలోని లెక్క తీసిచ్చింది ఆమే. తీసిచ్చినప్పటి నుంచీ ఒక మనిషిని తనే పట్టిచ్చానన్న దిగులు ఆమె మొహంలో కనపడుతోంది.

"అమ్మా, నేను ఆ నర్సు మావయ్యని. నాకు కంప్యూటరంటే దూరదర్శనం. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు. ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"వార్డులో ఏ పంపుకి ఏ కమాండ్ వెళ్ళాలన్నా ఈ సర్వర్లో ఉన్న కెర్నల్ చేతుల మీదుగానే వెళ్ళాలండీ. ఇంట్లో పెద్దకోడలు లాంటిది. ఎవరికేం కావాలన్నా ఆవిడే తీసి పెట్టాలి. ఆ మధ్య సర్వర్ నత్తలా నడుస్తుంటే, ఆవిడని ఎవరు ఎక్కువ సతాయిస్తున్నారో చూద్దామని గుమ్మం దగ్గర నేనో కాపలావాణ్ణి, అంటే ఓ చిన్న ప్రోగ్రాముని, పెట్టాను."

"వాడు వచ్చేపోయేవాళ్ళని రాసుకుంటాడు."

"రాసుకుంటే కొండంత అవుతుంది. లెక్క మాత్రమే పెట్టుకుంటాడు. ఏ టెర్మినల్ నుంచి, ఏ పంపుకి అనే జతకి ఒక గది. అదే జత మళ్ళీ వస్తే ఆ గదిలో అంకె ఒకటి పెరుగుతుంది. ఎప్పుడొచ్చింది, ఏమని చెప్పింది, అవేం ఉండవు. దీన్ని హ్యాష్ టేబుల్ అంటారు. జత పేరు చూడగానే ఏ వరసలో ఉందో తేలిపోతుంది, గదిగదికీ వెతకక్కర్లేదు."

"అంటే లాడ్జి. ఎన్ని గదులు?"

"ముందే ఇన్నని కట్టేశాను. పెరగవు."

"ముందే ఎందుకు? అతిథి వచ్చాక కట్టచ్చుగా, ఖర్చు తగ్గేది."

"కట్టకూడదండీ!" అమ్మాయి నోట్లోంచి తాడు జారిపోయింది. "కాపలావాడు నిలబడేది పెద్దకోడలు పక్కనే, అదీ ఆవిడ పనిలో ఉన్నప్పుడే. అప్పుడు కొత్త గదికి చోటివ్వమని మళ్ళీ ఆవిడనే అడిగితే, ఆవిడ చేతిలో పని వదల్లేదు, వీడు చోటు లేకుండా కదల్లేడు. ఇద్దరూ కొయ్యబారిపోతారు. సర్వర్ ఆగిపోతుంది. ఈ వార్డులో అది ఆగితే..." మిగతాది ఆమె మింగేసింది.

మావయ్య కాగితాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. వరసలు, పక్కన అంకెలు. ఐదో పంపు ఎదురుగా ఒకటే వరస: నర్సు టెర్మినల్, అంకె ఒకటి. అట్టడుగున విడిగా ఇంకో అంకె.

"ఇదేంటి?"

"నిన్న సాయంత్రం లెక్క కొత్తగా మొదలుపెట్టాక వచ్చిన మొత్తం కమాండ్‌లు. దానికి గది లేదు, వీధి గుమ్మం దగ్గరే ఉంటుంది. ఎవరొచ్చినా ఒకటి పెరుగుతుంది."

మావయ్య గాల్లో వేలితో కూడిక మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకసారి చివరిదాకా వచ్చి తల గోక్కుని మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"నా చదువు కూడికల దగ్గరే ఆగిపోయిందమ్మా. అందుకని అవి మాత్రం అరిగిపోలేదు. గదుల్లో అంకెలన్నీ కలిపితే నీ వీధి గుమ్మం అంకెకి రెండు తగ్గుతోంది. ఇద్దరు లోపలికొచ్చారు. ఏ గదిలోనూ లేరు. గోడ దూకారా?"

ప్రోగ్రామరు కాగితం లాక్కుంది. ఆమె కూడా కూడింది. మొహం పాలిపోయింది.

"ఎవరో గది ఖాళీ చేశారు."

"ఎవరు చెయ్యగలరు?"

"నేను. ఇంకా..." ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "పంపుల మెకానిక్. ఏ పంపు ఎవరికి తగిలించారో ఆయన టెర్మినల్లో కనపడుతుంది. పంపు బాగుచేసినప్పుడల్లా పరీక్షించి చూస్తారు. ఆ పరీక్షలు నా గదులు తినేస్తున్నాయి. గదులు పెరగవు కదా, నిండిపోతే కొత్తవాళ్ళని వెనక్కి పంపెయ్యాల్సి వస్తుంది. అందుకని మీ పరీక్షల గదులు మీరే ఖాళీ చేసుకోండని నేనే ఆయనకి నేర్పించాను."

"ఇవాళ ఆయనెక్కడ?"

"డ్యూటీకి రాలేదన్నారు."

మావయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు, మందు నాలుగు రెట్లు పెంచాలంటే ఒక కమాండ్. పని అయ్యాక ఎవరికీ తెలియకుండా మళ్ళీ మామూలుగా పెట్టాలంటే ఇంకొకటి. అవి రెండు. మా అమ్మాయి ఖాతాలో ఉన్నది ఒక్కటే. పంపేమో మామూలుగానే కనపడింది. అది పెంచి ఉంటే, తగ్గించిందెవరు?"

అమ్మాయి నోరు తెరిచింది. మావయ్య వేలు పైకెత్తాడు.

"ఇంకో చిన్న ప్రశ్న. గది ఖాళీ చేస్తే లోపల ఉన్న అంకె ఏమవుతుంది?"

ఆమె బీరువాలో మోగుతున్న ఫ్యాన్ల వైపు తిరిగి చూసింది.

"ముందే కట్టిన గదులు కదండీ... కూలగొట్టరు. గుమ్మం మీద పేరు తీసేసి తాళంచెవి బోర్డుకి తగిలించేస్తారు, అంతే. లోపల ఊడ్చరు. కొత్తవాడు దిగేటప్పుడే ఊడుస్తారు."

"అంటే దుప్పటి నలిగే ఉంటుంది."

"ఉంటుంది! కానీ..." ఆమె తెర వైపు తిరిగి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. "చివర ఖాళీ అయిన గది తాళంచెవే బోర్డు మీద ముందుంటుంది. ఇప్పుడు ఏ కొత్త జత వచ్చినా సరిగ్గా ఆ గదే ఇస్తారు. ఊడ్చేస్తారు. ఈలోగా పాత మెమరీ నేరుగా చదవాలి. నాకో పది నిమిషాలు కావాలి."

తలుపు దడాలున తెరుచుకుంది. తాళంకప్ప, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"లారీ బయల్దేరింది. ప్లగ్గు పీకండి."

"పీకితే ఏమవుతుందమ్మా?" మావయ్య తల తిప్పకుండానే అడిగాడు.

"పంపులు ఉన్న డోసు మీదే నడుస్తాయి. కానీ టేబుల్ ఉండేది మెమరీలోనే. కరెంటు పోతే గదులూ పోతాయి, లాడ్జీ పోతుంది."

మావయ్య లేచాడు. నింపాదిగా నడిచి, గోడ దగ్గర ప్లగ్గు ఉన్నచోట వీపు ఆనించి కింద కూలబడ్డాడు. కాళ్ళు బారజాపాడు.

"అయ్యో, నడుం పట్టేసింది."

"లే."

"నాకూ లేవాలనే ఉందిరా. నడుం ఒప్పుకోవట్లేదు. ఇది అప్పుడప్పుడు వస్తుంది. పోయినసారి మా ఆవిడ బజారుకి వెళ్ళమన్నప్పుడు వచ్చింది."

కానిస్టేబుళ్ళలో ఒకడు పెదాలు బిగబట్టుకున్నాడు. తాళంకప్ప మొహం కందిపోయింది.

"పోలీసు పనికి అడ్డం వస్తున్నావు. నిన్నూ తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళు. ఎత్తుకుని తీసుకెళ్ళాలి. నా బరువు నీకు తెలుసుగా, బెంచీ మీద నువ్వు కూర్చున్న వైపు ఎప్పుడూ పైకి లేచే ఉండేది." అంతలోనే మావయ్య గొంతు తగ్గింది. "ఒరే, పది నిమిషాలు. తప్పయితే నా చేత్తో నేనే పీకిస్తాను. ఒప్పయితే, ఏ పాపం తెలియని పిల్లని జైల్లో పెట్టకుండా బతికిపోతావు. పది నిమిషాలకి నీకు పోయేదేముంది?"

తాళంకప్ప గడియారం చూశాడు. "పది. కానీ డిస్కు మీద ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు. అది నా సాక్ష్యం. తెర మీద చూపించండి. నేను చూస్తాను."

ఫోటో తీద్దామా అంటే, ఆస్పత్రిలో వాళ్ళ ఫోన్లన్నీ, మావయ్యదీ, తనదీ కలిపి తాళంకప్ప పొద్దునే సంచిలో వేసి సీలు కొట్టేశాడు. కెమెరా లారీలో వస్తోంది.

అప్పుడే పెద్ద సిస్టర్ తొంగి చూసింది. "కొత్త కేసు లిఫ్టులో పైకొస్తోంది. ఏడో పంపు పెడుతున్నాం."

ప్రోగ్రామరు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఏడో పంపు ఇవాళ ఇంతవరకు వాడలేదు. దానికి కమాండ్ వెళ్తే కొత్త జత. కొత్త జత వస్తే ఆ గది.

వచ్చేది ఎవరి అన్నో, ఎవరి తల్లో. మందు ఆపమని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. అడగకపోతే మేనకోడలు జైలుకి పోతుంది.

"సిస్టరమ్మా, పంపు లేని రోజుల్లో మందు ఎలా ఎక్కించేవారు?"

"చేత్తో. చుక్కలు చూసుకుంటూ. నేను అలాగే నేర్చుకున్నాను."

"పేషెంటుకి ప్రమాదం లేదంటేనే. కాసేపు అలా నడపగలరా?"

ఆవిడ మావయ్యను పైనుంచి కిందకి చూసింది. "మంచం పక్కన నేనే కూర్చుంటాను. కానీ నేను చెప్పేదాకా కాదు, డాక్టర్ గారు సరేనన్నంతసేపే" అని వెళ్ళింది. కొద్దిసేపట్లో డాక్టరు సరేనన్నాడని కబురొచ్చింది. వార్డులో ఎవరూ ఏ టెర్మినలూ ముట్టుకోవద్దని కూడా ఆవిడే చెప్పి పెట్టింది.

గదిలో కీబోర్డు చప్పుడు ఒక్కటే. మావయ్య ప్లగ్గుకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వరండాలో ఏ అడుగు చప్పుడు వినపడినా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఎవరో కొత్తవాడు సూట్‌కేసు పట్టుకుని ఆ లాడ్జి మెట్లెక్కుతున్నట్టే ఉంది.

"వచ్చింది" అంది ప్రోగ్రామరు.

మావయ్య నడుం నొప్పి మరిచిపోయి లేచాడు. తాళంకప్ప కూడా వంగాడు. తెర మీద చెత్తలాంటి అక్షరాల మధ్య ఒక వరస మీద ఆమె వేలు పెట్టింది.

"ఖాళీ గదుల్లో మొదటిది. పేరు తీసేశారు, లోపల మాత్రం అలాగే ఉంది. టెర్మినల్: పంపుల మరమ్మతు గది. పంపు: ఐదు. అంకె: రెండు."

మావయ్యకు ఏడుపొచ్చేలా ఉంది. దాన్ని దగ్గుగా మార్చాడు.

"చూశావట్రా?"

"చూశాను" అన్నాడు తాళంకప్ప మెల్లగా. అంతలోనే మళ్ళీ బిగుసుకున్నాడు. "ఒక్కసారి కనపడింది సాక్ష్యం కాదు. మిషన్ పొరపాటు పడచ్చు. ఇంకోసారి చదివించు. కాగితం మీద రాసి సంతకం పెడతాను."

"పెట్టు. నీ సంతకానికి ఇన్నాళ్ళకి ఓ మంచి పని దొరికింది."

ప్రోగ్రామరు మీట నొక్కింది. తెర కదిలింది. అదే వరస. ఆమె వేలు దాని మీదకి వెళ్ళి, సగంలో ఆగింది.

"ఇది ఖాళీగా లేదు."

"అంటే?"

"ఎవరో దిగారు. ఇప్పుడే. ఊడ్చేశారు."

"సిస్టరమ్మ ఏడో పంపు పెట్టేసిందా?" అన్నాడు మావయ్య.

"ఏడు కాదు." ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటున్నట్టు చదివింది. "టెర్మినల్: పంపుల మరమ్మతు గది. పంపు: మూడు. అంకె: ఒకటి."

మూడో పంపు. మావయ్యకు అది ఎవరి చేతికి తగిలించి ఉందో గుర్తుకురావడానికి బుర్ర అక్కర్లేకపోయింది, కాళ్ళకే ముందు తెలిసింది. వరండాలో పరిగెత్తాడు. స్ట్రెచర్ ఒకటి పక్కకు తోశాడు. అడ్డం వచ్చిన ఆడ కానిస్టేబుల్ని "జరుగమ్మా!" అని గసిరాడు. మంచం మీద అమ్మాయి పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కన పంపు, ఏ పాపం ఎరగనట్టు, నిశ్శబ్దంగా, వేగంగా తిరుగుతోంది. మావయ్యకు ఏది ఎక్కడ నొక్కాలో తెలియదు. చేతి దగ్గర గొట్టాన్ని పట్టుకుని లాగేశాడు. మందు నేల మీద చిమ్మింది. రక్తం బొట్టు ఒకటి ఆయన చొక్కా మీద పడింది.

"డాక్టర్! ఎవరైనా రండ్రా!"

డాక్టరు వచ్చి ఛాతీ మీద చెవి పెట్టాడు. ఇంజక్షన్ ఒకటి ఇచ్చాడు. మావయ్య గోడను పట్టుకుని నిలబడ్డాడు.

"ఉంది" అన్నాడు డాక్టరు. "గుండె ఉంది. ఇంకాసేపు ఆగి ఉంటే చెప్పలేను."

అమ్మాయి కనురెప్పలు కదిలాయి. "మావయ్యా... నేను నొక్కలేదు కదూ?"

"లేదే పిచ్చిదానా. నువ్వు నొక్కేది బెల్లులే."

గుమ్మంలో తాళంకప్ప నిలబడి ఉన్నాడు.

"మరమ్మతు గదా?" అన్నాడు. "అది కుదరదు. ఆ గది నేను పొద్దునే సీలు వేశాను."

ఇద్దరూ వరండా చివరికి నడిచారు. మరమ్మతు గది తలుపు మూసి ఉంది. గడియ మీద ఎర్రటి లక్క, లక్క మీద ఇన్‌స్పెక్టర్ పేరున్న ముద్ర. చిన్న పగులు కూడా లేదు. మావయ్య చెప్పులు విడిచి, తలుపుకి చెవి ఆనించాడు.

టక్. టక్ టక్. టక్.

లోపల ఎవరో తీరిగ్గా కీబోర్డు కొడుతున్నారు.

మావయ్య వెనక్కి జరిగాడు. గుసగుసగా అడిగాడు. "సీలు వేసేముందు లోపల చూశావా?"

"మెకానిక్ రాలేదన్నారు. లైటు ఆర్పి ఉంది."

"కొత్త పార్టులని చెప్పి పాతవి వేస్తున్నాడు, అది కనిపెట్టింది తాతా, మా పిల్లా. పొద్దున ఆ లెక్కలో గది ఖాళీ చెయ్యడానికే వాడు వచ్చాడురా. మీరొచ్చేసరికి లోపలే దాక్కున్నాడు. నువ్వేమో హంతకుణ్ణి లోపల పెట్టి, చేతికి టెర్మినల్ ఇచ్చి, ఎవరూ ఇబ్బంది పెట్టకుండా బయట ముద్ర వేశావు. తాళంచెవి తియ్యి."

తాళంకప్ప జేబులోంచి తాళంచెవి తీశాడు. కానీ దాన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళలేదు.

"కన్నంలో..." లక్క మీద వేలు పెట్టాడు. "ఎవరూ దొంగ తాళంచెవి పెట్టకుండా కన్నంలో కూడా లక్క పోయించాను."

సర్వర్ గదిలోంచి ప్రోగ్రామరు కేక వినపడింది. "మావయ్య గారూ! ఒకటో పంపు, రెండు, నాలుగు, ఆరు... కొత్త గదులు పడుతున్నాయి! అన్నీ ఆ గదిలోంచే! అన్ని పంపులకీ పంపిస్తున్నాడు!"

తాళంకప్ప భుజంతో తలుపు గుద్దాడు. తలుపు కదల్లేదు. లోపల టకటక ఆగలేదు, ఇంకా వేగం అందుకుంది.

మావయ్యకు తెలుసు. ఆ టేబుల్లో ఇప్పుడు పడుతున్న ప్రతి గదీ మేనకోడల్ని బయటపడేసే సాక్ష్యం. కెమెరా లారీలో వస్తోంది. ఇంకాసేపు ఆగితే చాలు. ఆ కాసేపట్లో ఎన్ని మంచాలు ఐదో బెడ్డు అవుతాయో ఆయనకు తెలియదు.

"పీకెయ్!" అని అరిచాడు. "ప్లగ్గు పీకెయ్యమ్మా!"

"పీకితే ఏమీ మిగలదండీ! మీ అమ్మాయికి ఇక..."

"పీకమన్నానా! సిస్టరమ్మా, అందరి గొట్టాలూ బిగించెయ్యండి!"

ఫ్యాన్ల మోత ఒక్కసారిగా తగ్గి, మూలుగై, ఆగిపోయింది. వార్డులో పరుగులు, కేకలు. ఒక మంచం దగ్గర ఎవరో ఏడుస్తున్నారు. తర్వాత పెద్ద సిస్టర్ గొంతు, "ఉన్నారు, అందరూ ఉన్నారు" అంటూ.

మరమ్మతు గదిలో చప్పుడు ఆగింది.

మావయ్య తలుపు పక్కన గోడకు జారగిలబడ్డాడు. "ఇక లెక్క లేదురా" అన్నాడు. "టేబుల్లో మరమ్మతు గది పక్కన ఐదో పంపు చూసింది ముగ్గురమే. ప్రోగ్రామరు తను పెట్టిన టేబుల్ కాబట్టి తను అలాగే అంటుందంటారు. నేను అంటే, మేనమామని. నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి. నీ నోటి మీదే ఉంది పిల్ల బతుకు. చూశానన్నావుగా?"

తాళంకప్ప తలుపు వైపు తిరిగాడు. లక్క మీద ఉన్న తన పేరు వైపు చూస్తున్నాడు.

లోపల అద్దం భళ్ళున పగిలింది. ఆ కిటికీ కింద పొద్దుటి నుంచీ పోలీసు జీపు ఉండేది. లారీకి దారివ్వడానికి ఇందాకే దాన్ని తీయించారు.

"కిందకి! వెనక వైపుకి!" మావయ్య లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. కానిస్టేబుళ్ళు ఇద్దరూ మెట్ల వైపు ఉరికారు.

"ఒకడు ఆగండి" అన్నాడు తాళంకప్ప. జేబులోంచి చిన్న చాకు తీసి, ఆగినవాడి చేతిలో పెట్టాడు. గొంతు ఎప్పటిలా తాపీగా ఉంది.

"ఈ గదికి నేను సీలే వేయలేదు. ముందు ఈ లక్క మీద నా ముద్ర గీకెయ్."